ఐసీయూలో పొద్దు పుట్టేదెప్పుడు?

ఐసీయూలో తెలివి వచ్చిన ముసలివాళ్లు నర్సును ఎక్కువసార్లు అడిగే మాట ఒకటుంది: ‘‘సిస్టరమ్మా, ఇప్పుడు పగలా, రేత్రా?’’ రాయలసీమ ప్రభుత్వాస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరినప్పటి నుంచి హెడ్ నర్సుగా రిటైరయ్యేదాకా ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ తర్వాత బంధువులకో, ఇరుగుపొరుగు వాళ్లకో తోడుగా ప్రైవేటు ఆస్పత్రుల్లో మంచం పక్కన కూర్చున్నప్పుడూ అదే విన్నాను. నొప్పి ఎప్పుడు తగ్గుతుంది, ఇంటికి ఎప్పుడు పంపుతారు అనేవి ఆ తర్వాత అడుగుతారు. ముందు పొద్దు ఎక్కడుందో తెలియాలి వాళ్లకు.

వాళ్లకు ఆ సందేహం ఎందుకు రాదు? గోడలన్నీ మూసి, పైన ఫాల్స్ సీలింగు వేసి, ఇరవై నాలుగు గంటలూ ఒకే రకం తెల్ల లైట్లు వెలిగే హాల్లో పడుకోబెడతాం. కిటికీ ఉన్నచోట దానిమీద నల్ల ఫిలిం అంటిస్తాం, లేకపోతే అడ్డంగా బీరువా పెడతాం. ఎదురుగా గడియారం ఉండదు. ఉన్నా, పన్నెండు చూపిస్తే అది మధ్యాహ్నమో అర్ధరాత్రో దాన్ని చూసి చెప్పలేం. అర్ధరాత్రి బీపీ చూస్తారు, మూడింటికి రక్తం తీస్తారు, నాలుగున్నరకు ఒళ్లు తుడుస్తారు. ఇంట్లో నలభై ఏళ్లు తెల్లవారుజామున లేచి పశువులకు మేత వేసిన మనిషికి అక్కడ తెల్లవారుజామే లేకుండా పోతుంది.

వెలుతురూ చీకటీ వైద్యంలో భాగమని నేను నమ్ముతాను. యాంటీబయాటిక్‌కు టైము రాసినట్టే వీటికీ టైము రాయాలి. కొత్తగా కట్టే ప్రతి ఆస్పత్రి ప్లానులో, ఇప్పటికే నడుస్తున్న ప్రతి వార్డు నియమాల్లో వీటికి చోటు ఉండాలి. వార్డులో వెలుతురు చాలుతోందా అని మమ్మల్ని అడిగిన తనిఖీ అధికారులు ఉన్నారు. రాత్రి రోగికి చాలినంత చీకటి ఉందా అని అడిగినవాళ్లు నా ఉద్యోగకాలంలో ఒక్కరూ తగల్లేదు.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. వేరుశనగ రైతు, మితభాషి. చేరిన రోజు తన వయసు, ఊరు, ఎకరాలు అన్నీ సరిగ్గా చెప్పినవాడు మూడో రాత్రి చేతికున్న క్యాన్యులా పీకేసి, మంచం కడ్డీలు పట్టుకుని లేవబోయాడు. ఎద్దులు విడిపించుకుని పోతున్నాయని, పట్టుకోకపోతే పక్క చేనులో పడతాయని ఒకటే అరుపు. కొడుకును గుర్తుపట్టలేదు. కోడలు భయపడి, గాలి సోకిందని తాయెత్తు తెప్పించింది. ఇలాంటప్పుడు సామాన్యంగా జరిగేది ఏమిటంటే, చేతులు రెండూ గాజుగుడ్డతో మంచానికి కట్టడం, మత్తు సూది వెయ్యడం. ఆ రాత్రికి అలాగే జరిగింది.

దీన్ని డెలీరియం అంటారు. పెద్దాపరేషన్ల తర్వాత, ఐసీయూల్లో, ముఖ్యంగా ముసలివాళ్లలో చాలా మామూలుగా వచ్చే స్థితి. ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు, సోడియం తగ్గడం, కొన్ని మందులు, నొప్పి, మూత్రం బిగించడం, మలబద్ధకం, నిద్రలేమి ఇలా కారణాలు కలిసికట్టుగా పనిచేస్తాయి. కాబట్టి ఆ పెద్దాయనను కిటికీ ఒక్కటే బాగుచేసిందని నేను చెప్పను. డాక్టరుగారు సోడియం సరిచేశారు, ఒక మందు మార్చారు. మేం మాత్రం పొద్దున్నే ఆయన మంచాన్ని తూర్పు వరండాలోకి తోశాం. కళ్లజోడు పెట్టించాం. కొడుకును పక్కన కూర్చోబెట్టి, వారం, తిథి, ఊళ్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పమన్నాం. మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోనివ్వలేదు. రాత్రి ఆ వరసలో లైట్లు ఆపేశాం. రెండు మూడు రోజుల్లో ఎద్దులు వాటంతట అవే దొడ్డికి చేరాయి. ఆయన మళ్లీ మితభాషి అయ్యాడు.

ఒంటికి పొద్దు ఎలా తెలుస్తుందో సైన్సు ఇప్పుడు చాలావరకు విప్పి చెప్పింది. బళ్లో చదివినప్పుడు కంటి రెటీనాలో దండ కణాలు, శంకు కణాలు అని రెండే నేర్చుకున్నాం. 2002లో మూడో రకం కణాల పని బయటపడింది. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అవి బొమ్మలు చూపించడం కోసం ఉన్నవి కావు. వెలుతురు ఎంత ఉందో కొలిచి, మెదడు అడుగున ఉన్న గడియారానికి కబురు పంపడం వాటి ముఖ్యమైన పని. నీలం పాలు ఎక్కువున్న వెలుతురుకు బాగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయినవాళ్లలో కూడా కొందరికి ఈ కణాలు పనిచేస్తూనే ఉంటాయి. ఆ గడియారం చెప్పినట్టే రాత్రి మెలటోనిన్ ఊరుతుంది, ఒంటి వేడి తగ్గుతుంది, తెల్లవారేముందు కార్టిసాల్ పెరుగుతుంది. ఆ గడియారాన్ని కణం లోపల తిప్పే జన్యువుల గుట్టు విప్పినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ ఇచ్చారు. అంతకు చాలాముందే, 1729లో, ఫ్రాన్సులో ద మేరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగటివేళకు ఆకులు విప్పుకుంది, రాత్రివేళకు ముడుచుకుంది. దాదాపు ప్రతి ప్రాణిలోనూ ఇలాంటి గడియారం ఉంటుంది. అయితే రోజూ దాని ముల్లు సరిచేసేది పొద్దే.

ఎంత వెలుతురు కావాలి? వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. గదిలో ట్యూబులైట్ల కింద కొన్ని వందలు. మంచం మీద వెల్లకిలా పడుకున్న రోగి కంటి దగ్గర ఫోన్లోని లక్స్ మీటరు యాప్ పెట్టి చూడండి. కిటికీ పక్క మంచానికీ, గది లోపలి మూల మంచానికీ పది ఇరవై రెట్లు తేడా కనిపిస్తుంది. ఫోను కొలత కచ్చితమైంది కాదు గానీ ఆ తేడా తెలుసుకోవడానికి చాలు. 2022లో వివిధ దేశాల శాస్త్రవేత్తలు కూర్చుని ఒక సిఫారసు చేశారు. ఆ మూడో రకం కణాలకు తగిలే లెక్కలో పగటిపూట కంటి దగ్గర కనీసం 250 లక్స్ ఉండాలి. పడుకునే ముందు మూడు గంటలు 10కి మించకూడదు. నిద్రపోయేచోట 1కి మించకూడదు. మన వార్డుల్లో చాలాచోట్ల పగలు మొదటిదానికి అందదు, రాత్రి మూడోదాన్ని ఎన్నో రెట్లు దాటుతుంది. అంటే రోగి ఒంటికి పగలు సరైన పగలూ కాదు, రాత్రి సరైన రాత్రీ కాదు.

ఇది నర్సులకు కొత్తగా ఎవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు. మా వృత్తికి తల్లిలాంటి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో వెలుతురు మీద ఒక అధ్యాయమే ఉంది. మంచి గాలి తర్వాత రోగికి ఎక్కువగా కావలసింది వెలుతురేనని, మంచాల మీది రోగుల్లో దాదాపు అందరి ముఖాలూ వెలుతురు వైపే తిరిగి ఉంటాయని ఆమె గమనించింది. ఈ రెండో సంగతి ఏ నర్సును అడిగినా చెబుతుంది. ఆమె పేరుతోనే పొడవాటి వార్డులు వచ్చాయి: రెండు వైపులా మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య నిలువెత్తు కిటికీ, పైకప్పు చాలా ఎత్తున.

మన పాత పెద్దాస్పత్రులు ఆ పోలికతోనే కట్టినవి. విశాఖలో కింగ్ జార్జ్ ఆస్పత్రి 1923 నాటిది. హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి భవనాన్ని విన్సెంట్ ఎష్ రూపకల్పనతో కట్టారు. నేను పనిచేసిన పాత బ్లాకుల్లో తలుపుల పైన వెంటిలేటర్లు ఉండేవి, తాడు లాగితే తెరుచుకునేవి. వరండా వార్డు చుట్టూ తిరిగి ఉండేది. నడవగలిగిన రోగులు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని ఆ వరండా మెట్ల మీద వేపపుల్లలతో కూర్చునేవాళ్లు. టీ అబ్బాయి అక్కడికే వచ్చేవాడు. వార్డు బాయ్ ఊరికే కసురుకునేవాడు గానీ, ఆ గంటసేపు ఎండ వాళ్ల నిద్రకు ఎంత పనిచేసేదో నాకు రాత్రి డ్యూటీలో తెలిసేది. కింద సూర్యుడి మొహం చూసి వచ్చినవాళ్లు పదింటికల్లా గురక పెట్టేవాళ్లు. మంచం దిగనివాళ్లే మూడింటిదాకా మూలుగుతూ ఉండేవాళ్లు.

ఆస్పత్రులకే కాదు, మా సీమలో పాత మట్టిమిద్దెలకూ పైకప్పు మధ్యలో వెలుతురు కోసం గవాచి అనే కంత ఉండేది. వాన వస్తే బండతోనో చట్టితోనో మూసేవాళ్లు. ఇల్లు కిటికీల్లేకుండా ఎంత ముడుచుకుని ఉన్నా, ఆ కంతలోంచి దిగే ఎండ గచ్చు మీద జరుగుతూ ఉంటే అవ్వలు దాన్ని చూసి పొయ్యి రాజేసే వేళ చెప్పేవాళ్లు. డబ్బుల్లేనివాళ్ల ఇళ్లలో కూడా ఆ ఏర్పాటు మరిచిపోలేదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం గురించి చెప్పకుండా ఉండలేను. 1915లో మిషన్ల వాళ్లు కలిసి నెలకొల్పారు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రీమాట్ మోలర్ దాన్ని నడిపారు. అప్పట్లో క్షయకు మందు లేదు. కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, ఆరుబయటి వార్డులు, అంతే వైద్యం. ఎండ తగిలితే క్షయ క్రిమి చస్తుందని 1890లోనే రాబర్ట్ కాక్ చెప్పి ఉన్నాడు. అయినా ఒక నిజం దాచకూడదు. ఎండా గాలీ క్షయను నయం చేయలేదు, మందులు చేశాయి. 1959లో మద్రాసు క్షయ కేంద్రం వాళ్ల అధ్యయనం మందులు సరిగా వాడితే ఇంట్లో ఉన్నవాడు కూడా శానిటోరియంలో ఉన్నవాడితో సమానంగా బాగుపడతాడని తేల్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ మార్పు మంచిదే, లక్షలమంది బతికారు. కాకపోతే మందు వచ్చిందన్న ధీమాతో ఆ కట్టడాల్లోని కిటికీలనూ వరండాలనూ కూడా పాతకాలపు సరుకుగా పారేశాం. అక్కడే నాకు బాధ.

ఎందుకంటే కిటికీ వెలుతురుతో పాటు గాలినీ తెస్తుంది. పెరూ దేశం లిమా నగరంలో ఎస్కాంబ్ అనే వైద్యుడి బృందం ఎనిమిది ఆస్పత్రుల్లో గదుల గాలిని కొలిచి 2007లో ప్రచురించింది. కిటికీలూ తలుపులూ తెరిస్తే గదిలో గాలి గంటకు దాదాపు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే గదుల్లో లెక్క 12. 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలున్న వార్డుల్లో అయితే 40 దాకా పోయింది. క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటే ప్రమాదం ఆ పాత వార్డుల్లోనే తక్కువని వాళ్ల అంచనా. కరోనా రోజుల్లో ఏసీ గదుల్లో అందరం ఊపిరి బిగబట్టుకుని పనిచేసినప్పుడు ఈ లెక్క నాకు రోజూ గుర్తొచ్చేది.

వెలుతురు నిజంగా మందై కూర్చున్న కథ ఒకటుంది, అది కూడా ఒక నర్సుదే. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో రాచ్‌ఫర్డ్ ఆస్పత్రి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డును చూసే సిస్టర్ జీన్ వార్డ్‌కు పసివాళ్లకు ఎండ, గాలి తగలాలని గట్టి నమ్మకం. ఎండకాసిన రోజున పిల్లలను పెరట్లోకి తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గి ఉంది, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం మూడు మూలల ముక్కలా చిక్కటి పసుపు. ఎండ తగిలినచోట కామెర్లు తగ్గాయన్నమాట. తర్వాత కిటికీ గట్టు మీద ఎండలో ఉండిపోయిన రక్తం సీసాలో కూడా బిలిరుబిన్ తగ్గిందని తేలింది. 1958లో క్రీమర్ తదితరులు దాన్ని ‘లాన్సెట్’లో ప్రచురించారు. ఇవాళ ప్రతి జిల్లా ఆస్పత్రిలో పసిబిడ్డల కామెర్లకు వాడే నీలి లైటు అక్కడ పుట్టింది. ఎన్ని లక్షల పసిమెదళ్లను అది కాపాడిందో. తల్లులకు ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి: బిడ్డ పచ్చబడితే ఇంటి ముందు ఎండలో పెట్టి రోజులు గడపొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లైటుకు కొలత ఉంటుంది, ఎండకు ఉండదు.

పెద్దవాళ్ల సంగతిలోనూ ఆధారాలు ఉన్నాయి. కెనడాలోని ఎడ్మంటన్‌లో తీవ్రమైన కుంగుబాటుతో చేరినవాళ్లలో ఎండ బాగా వచ్చే గదుల్లో ఉన్నవాళ్లు సగటున 16.9 రోజులకు ఇంటికి పోయారు. వెలుతురు తక్కువున్న గదులవాళ్లకు 19.5 రోజులు పట్టింది. అది 1996 నాటి లెక్క. ఇటలీలోని మిలాన్‌లో బైపోలార్ కుంగుబాటు రోగులను 2001లో పరిశీలిస్తే, తూర్పు గదుల్లో ఉన్నవాళ్లు పడమటి గదులవాళ్లకంటే మూడున్నర రోజులకు పైగా ముందే కోలుకున్నారు. పొద్దుటి ఎండ గొప్పదనం అది. పిట్స్‌బర్గ్‌లో 2005లో వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లను చూశారు. వెలుతురు వైపు గదులవాళ్లు గంటకు 22 శాతం తక్కువ నొప్పి మందుతో సరిపెట్టుకున్నారు. తూర్పు గుమ్మం కోసం స్థలానికి లక్షలు ఎక్కువ పోసే మనం, జబ్బు పడినప్పుడు తూర్పు కిటికీ ఉందా అని ఆస్పత్రిలో ఎందుకు అడగం?

ఇవేవీ పెద్ద అధ్యయనాలు కావు. రోగులను చీటీలు వేసి గదులకు పంచలేరు కాబట్టి కొంత అనుమానానికి తావుంది. ఇంకో సంగతీ చెప్పాలి. నెదర్లాండ్స్‌లో ఒక ఐసీయూలో కప్పుకు ఖరీదైన లైట్లు బిగించి, పగలు రంగూ తీవ్రతా మారుస్తూ ఏడువందలకు పైగా రోగుల మీద పరీక్షించారు. 2016లో వచ్చిన ఫలితం: డెలీరియం తగ్గలేదు. అందుకని కొత్తగా ఏదో లైట్ల మిషను కొనమని నేను ఏ ఆస్పత్రికీ చెప్పడం లేదు. అలాంటివి అమ్మేవాళ్లు త్వరలో మన దగ్గరికీ వస్తారు, జాగ్రత్తగా ఉండండి. మధ్యాహ్నం లైటు పెంచి, రాత్రి గంటకోసారి లేపితే లాభమేముంటుంది? లైటుకు తోడు నిద్ర, కదలిక, మాట, అయినవాళ్ల ముఖం కావాలి. 2018లో ఐసీయూ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు అవే చెప్పాయి: రాత్రి వెలుతురూ చప్పుడూ తగ్గించండి, వీలైతే కంటిపట్టీ, చెవుల్లో దూది లాంటివి ఇవ్వండి, నిద్రకు ఒక పద్ధతి పెట్టుకోండి.

రాత్రి మాటకొద్దాం, ఎందుకంటే అక్కడ పైసా ఖర్చు లేకుండా జరగాల్సింది చాలా ఉంది. ఒక మామూలు వార్డు రాత్రి ఎలా గడుస్తుందో రోగుల బంధువులకు తెలుసు. పదకొండుకు కొత్త కేసు వస్తే వార్డంతా లైట్లు వేస్తారు, ఇక అవి ఆరవు. స్ట్రెచరు చక్రం కీచుమంటుంది. మానిటరు కూస్తూనే ఉంటుంది, ఎవరూ పలకరు. నర్సుల బల్ల దగ్గర ఫోన్లు, మాటలు. పన్నెండుకు ఇంజెక్షను, రెండుకు బీపీ, మూడుకు షుగరు, నాలుగుకు రక్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాత్రి వార్డుల్లో సగటు చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదంది. గుసగుస మాట అంత. మన వార్డుల్లో ఫ్యానే అంతకంటే ఎక్కువ మోగుతుంది.

హెడ్ నర్సు చేతిలో ఉన్న పనులు ఇవి. పది తర్వాత పెద్ద లైట్లు ఆర్పి, మంచానికో చిన్న పచ్చలైటు ఉంచడం. రౌండుకు టార్చి వాడి, వెలుతురు ముఖం మీద కాకుండా నేల మీదికి కొట్టడం. నిలకడగా ఉన్న రోగికి రాత్రి చెయ్యాల్సినవన్నీ ఒకే విడతలో ముగించేలా డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్పించడం. తెల్లవారుజాము నాలుగింటి ఒళ్లు తుడుపును ఆరున్నరకు జరపడం. ఈ చివరిది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నైట్ డ్యూటీవాళ్లు పని ముగించి అప్పగించాలనే అలవాటు తరాలుగా ఉంది. ఆ అలవాటు రోగి కోసం పుట్టింది కాదు. ఇద్దరు ముగ్గురు పంచుకునే గదుల్లో కిటికీ మంచం ముందొచ్చినవాళ్లకు పోతుంది. అది డెబ్భై దాటినవాళ్లకు, మతి తప్పుతున్నవాళ్లకు ఇవ్వాలి. పొద్దున్న ఆరింటికి తెరలు తీసేయడం ఆయమ్మ పనుల చీటీలో రాసి ఉండాలి.

మీరు రోగి బంధువులైతే, ఐసీయూలోకి వెళ్లే ఆ పది నిమిషాల్లో ఏడవకండి, కబుర్లు చెప్పండి. ఇవాళ ఏ వారమో, బయట ఎండ ఎలా ఉందో, ఇంట్లో ఏం వండారో చెప్పండి. కళ్లజోడు, చెవి మిషను, పళ్ల సెట్టు ఇంట్లో వదిలేయకుండా తెచ్చివ్వండి. పెద్ద అంకెల కేలండరు, పగలో రాత్రో చూపించే గడియారం పెట్టమని అడగండి. తప్పు పట్టుకోరు. పట్టుకున్నా అడగండి.

కిటికీలు అంటే నాకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలుసు. కర్నూలు, కడపల్లో మే నెలలో 43 డిగ్రీలు, దోమలు, దుమ్ము, ఐసీయూలో ఇన్‌ఫెక్షను భయం. అన్నీ నిజమే. ఐసీయూలో కిటికీ తెరవమని ఎవరూ అనడం లేదు. గడియారాన్ని సరిచేసే వెలుతురు మూసిన అద్దంలోంచి కూడా వస్తుంది. విటమిన్ డి ఇచ్చే కిరణాలే అద్దం దగ్గర ఆగిపోతాయి. తిరుపతి ప్రాంతంలో హరినారాయణ్ బృందం 2007లో చూపించినట్టు, ఇంత ఎండ కాసే మన నేలమీద కూడా విటమిన్ డి లోపం ఎక్కువే, పొలం పనికి పోయే పల్లెవాళ్లకంటే పట్నం వాళ్లలో ఇంకా ఎక్కువ. అది వేరే సమస్య, దానికి బయటి ఎండే కావాలి. అద్దం మీద వేడికి వెడల్పాటి సన్‌షేడూ, వరండా, ఉత్తరపు కిటికీ ఉన్నాయి. దోమకు మెష్ ఉంది. మన తాపీమేస్త్రీలకు ఇవేవీ కొత్త కావు. ఊరూరా ఉన్న డాక్టర్ల వీధుల్లో కింద మందుల షాపు, పైన మూడంతస్తుల నర్సింగ్ హోము, పక్క గోడకు జానెడు దూరంలో తెరుచుకునే కిటికీ, ఇదీ ఇప్పుడు మన వైద్యంలో పెద్ద భాగం. అనుమతి ఇచ్చేటప్పుడు ఫైర్ ఎన్‌వోసీ అడుగుతున్నారు, మంచిదే. మంచం నుంచి ఆకాశం కనిపిస్తుందా అని కూడా అడగాలి.

ఈ వెలుతురు లెక్కలో నర్సుల పక్షం కూడా ఉంది. రాత్రి డ్యూటీని 2007లో, మళ్లీ 2019లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న పనుల జాబితాలో పెట్టింది. ఆధారాలు ఇంకా పూర్తి కానందున ‘బహుశా’ అనే వర్గంలో ఉంచారు. ఏళ్ల తరబడి రాత్రులు పనిచేసి రొమ్ము క్యాన్సరు వచ్చిన కొందరు మహిళలకు డెన్మార్కు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. మన దగ్గర ఇవాళ రాత్రి డ్యూటీ, ఎల్లుండి పగలు, మళ్లీ రాత్రి అని చార్టు వేస్తారు. పెళ్లయి పసిపిల్లలున్న స్టాఫ్ నర్సు పొద్దున్న తొమ్మిదికి ఇంటికి పోయి, వంట చేసి, పిల్లల బడి వ్యాను చూసి, మధ్యాహ్నం ఎండలో కునుకు తీసి మళ్లీ బస్సెక్కుతుంది. చేతులు వణుకుతూ డోసు లెక్కవేస్తుంది. ఆ అమ్మాయిని నేను చాలా రూపాల్లో చూశాను. పగలు, సాయంత్రం, రాత్రి అని ముందుకు జరిగేలా చార్టు వెయ్యాలి. రాత్రుల వరస తర్వాత రెండు పూర్తి రోజుల సెలవు ఇవ్వాలి. పగలు నిద్రపోవడానికి ఆస్పత్రిలో ముదురు తెరలున్న విశ్రాంతి గది ఉండాలి. ఇవి కోరుతూ యూనియన్లో మాట్లాడితే పై అధికారులు సిబ్బంది కొరత అన్నారు. కొరత నిజమే. ఆ కొరతను భర్తీ చేయడం ప్రభుత్వం పని.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త మెడికల్ కాలేజీలు, వాటికి అనుబంధ ఆస్పత్రులు వస్తున్నాయి. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాననీళ్లు వచ్చాక వార్డులు ఖాళీ చేయించారు. హైదరాబాదులోనే గోషామహల్‌లో దాని కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి భవనాల గీతలు గీసే ఇంజినీర్లనూ, సంతకాలు పెట్టే అధికారులనూ నేను అడిగేది ఇంతే. టెండరు ఇచ్చే ముందు వార్డు ప్లాను ఒక సీనియరు నర్సు చేతిలో పెట్టండి. ఏ మంచానికి పొద్దున్న ఎనిమిదికి వెలుతురు వస్తుందో, ఏ మంచం మూలన పడిపోతుందో, రాత్రి ఏ స్విచ్చు నొక్కితే ఏ వరస లైట్లు ఆరతాయో ఆమె అరగంటలో చెబుతుంది. ఒకే స్విచ్చుకు వార్డంతా వెలిగేలా వైరింగు చేస్తున్నారు. వరసకో స్విచ్చు పెట్టండి. ఐసీయూకు కనీసం ఒక గోడ నిండా, తెరవడానికి వీల్లేకపోయినా సరే, బయటి చెట్టో ఆకాశమో కనిపించే అద్దం పెట్టండి. ఆ గోడను స్టోరు రూముకూ, లిఫ్టుకూ, ఆఫీసుకూ ఇవ్వకండి.